ముద్ద నోటికి చేరువరకు

భుజసంధి ఆరోగ్యమును తెలిసికొనగోరు వైద్యుడు యంత్రముల జోలికి పోవుటకు ముందే రోగిచేత మూడు చిన్న పనులు చేయించును: చేతిని నోటికి చేర్చుమనును, మెడవెనుక నుంచుమనును, నడుము వెనుకకు త్రిప్పుమనును. మొదటిది అన్నము తినుటకు, రెండవది జడ అల్లుకొనుటకు, మూడవది గోచి దోపుకొనుటకో వీపు రుద్దుకొనుటకో వలయు కదలిక. ఈ మూడును నిరాయాసముగా జరుగుచున్నంతకాలము మానవునకు తనకొక భుజమున్నదను తలంపే కలుగదు. వానిలో ఒక్కటి తప్పినను, శ్రీమంతుడైనను కూలివాడైనను, ఇంకొకరి చేతికొరకు ఎదురుచూడవలసినదే. భుజాస్థులను పట్టి పీడించు దీర్ఘకాలిక శోథవ్యాధుల చరిత్రను పరిశీలించుచున్నపుడెల్ల నాకు స్ఫురించు సత్యమిది: వైద్యులు తరతరములుగా ఎముకలోని కుళ్లుతోడను, చీముతోడను, సూక్ష్మజీవితోడను పోరాడిరని మనము చెప్పుకొందుము గాని, ఆ పోరాటమంతయు ఈ మూడు చిన్న పనులకొరకే. రోగము పోవుట వేరు, ముద్ద నోటికి చేరుట వేరు. ఈ రెండింటి నడుమనున్న దూరమును దాటుటకు రెండున్నర శతాబ్దములు పట్టినది.

భుజసంధికి ఏది బలమో అదియే దాని బలహీనత. దండచేతి ఎముక యొక్క గుండ్రని శిరస్సు రెక్క ఎముకలోని లోతులేని గుంట నానుకొని, ప్రమిదయంచున నిలిపిన నిమ్మపండువలె ఉండును. తొడ ఎముక తుంటిగుంటలో లోతుగా దిగియుండుటచేత బరువు మోయగలదు గాని, అన్ని దిక్కులకు తిరుగజాలదు. భుజము అన్ని దిక్కులకు తిరుగగలదు గాని, దానిని నిలిపి పట్టుకొనుభారమంతయు కండరములమీదను, సంధిని చుట్టియున్న పలుచని సంచిమీదను పడుచున్నది. కావున ఈ స్థానమున శోథ పుట్టినపుడు నష్టము రెండంచెలుగా జరుగును. నొప్పికి వెరచి రోగి చేతిని కదపడు. కదపనందున సంచి ముడుచుకొనును, కండరములు కృశించును. తుదకు ఎముకలోని రోగము మానినను చేయి పైకి లేవదు. పిల్లల విషయమున ఇంకొక చిక్కు కలదు. ఎదుగుచున్న ఎముక చివర రక్తము సన్నని వంపులలో మందముగా ప్రవహించును. ఒంటిమీద ఎక్కడనో లేచిన సెగగడ్డనుండి రక్తములో కలసిన సూక్ష్మజీవి అచ్చట తీరికగా కాపురము పెట్టును. దండచేతి ఎముక పైకొనలో ఆ భాగము కొంతవరకు సంధి సంచిలోపలనే ఉండుటవలన, ఎముకలో పుట్టిన చీము ఎముకతో ఆగక సంధిలోనికి చొచ్చుకొనిపోగలదు.

మన ప్రాచీనులు ఈ బాధ నెరుగనివారు కారు. శరీరమునందలి ఎముకలను చరకసంహిత దంతములను, గోళ్లను కూడ కలుపుకొని 360గాను, సుశ్రుతసంహిత శస్త్రవైద్యుల మతము ననుసరించి 300గాను లెక్కించినవి. ఆధునికులు పెద్దవారి దేహమున 206 అందురు. లెక్కలు వేరైనను, లక్షణములను కనిపెట్టిన ఆ చూపు నేటికిని నిలిచియున్నది. విద్రధులను, అనగా చీముగడ్డలను గూర్చి చెప్పుచు సుశ్రుతుడు, మజ్జలో పుట్టిన చీము మాంసాస్థుల అడ్డంకిచేత వెలికి దారి కానక రోగిని నిప్పువలె దహించునని వర్ణించినాడు. ఎముకలోపలి చీము అంతటి బాధ పెట్టుటకు కారణము అది మూసిన గదిలో చిక్కుకొనుటయే యని నేటి వైద్యులును చెప్పుచున్నారు. భుజస్థానమున చేరిన వాతము అచ్చటి బంధనములను ఎండగొట్టి సిరలను ముడుచునట్లు చేయుటవలన చేయి కదలకపోవుటను అవబాహుక మన్నారు. భుజము శుష్కించుటను అంసశోష మన్నారు. రాజయక్ష్మ లక్షణములను సంగ్రహముగా చెప్పునపుడు జ్వరమునకును, అరచేతుల అరికాళ్ల మంటకును తోడుగా భుజములయందును, ప్రక్కలయందును కలుగు తాపమును పేర్కొన్నారు. అది ఊపిరితిత్తులను తినివేయు క్షయమునకు చెప్పిన గురుతే గాని భుజాస్థి క్షయమునకు చెప్పినది కాదు. ఐనను భుజపు నొప్పిని భుజముతోనే ఆపక, దేహమంతటి రోగమునకు అదియొక వాకిలి కావచ్చునని చూచిన ఆ దృష్టి ఆదరణీయము. మన ఇండ్లలో జబ్బ సలుపుచున్నదన్నను, రెక్క పట్టుకొన్నదన్నను నువ్వులనూనె మర్దనయు, ఉప్పుకాపడమును, ఆముదపుటాకు కట్టును అనాదిగా వచ్చుచున్న ఉపచారములు. ఊరక పట్టివేసిన భుజమునకు అవి కొంత ఊరట నిచ్చును. ఎముకలోనే చీమున్నచోట మర్దన మేలు చేయజాలదు. ఏది ఊరక పట్టివేసినదో, ఏది లోపల కుళ్లుచున్నదో పైనుండి చూచి తేల్చుట నాటివారికి సాధ్యము కాలేదు.

ఎముక కుళ్లిన చేతిని తీసివేయుటయే ప్రాణరక్షణమని ఐరోపా శస్త్రవైద్యులు చాలకాలము నమ్మిరి. ఆ నమ్మకమును 1768లో మాంచెస్టరు నగరపు వైద్యశాలలో చార్లెస్ వైట్ అను వైద్యుడు ప్రశ్నించెను. పదునాలుగేండ్ల బాలుడొకడు ఎడమ భుజము వాచి, చీము కారుచుండగా ఆతనియొద్దకు వచ్చెను. ఆ బాలునిది కంఠమాలకు లోనగు దేహతత్త్వమని వైట్ వ్రాసినాడు. మెడలో గడ్డలు దండగట్టి లేచు కంఠమాలకును, ఎముకల క్షయమునకును చుట్టరికమున్నదని అప్పటికి ఎవరికిని రూఢిగా తెలియదు. మత్తుమందు లేని ఆ దినములలో వైట్ భుజమును కోసి, దండచేతి ఎముక శిరస్సును వెలికి త్రోసి, రంపముతో కోసివేసెను; అటుతరువాత మరికొంత ఎముక తునుకలుగా ఊడివచ్చెను. ఐనను చేయి నిలిచెను. మరుసటి సంవత్సరము లండను రాయల్ సొసైటీవారి పత్రికలో ఆ వృత్తాంతమును ప్రకటించుచు ఆతడు, ఎముక శిరస్సు కోసివేయబడినను, పెద్దతునుక ఊడిపోయినను అవయవము యొక్క కదలిక యావత్తు నిలిచెనను మాటను శీర్షికలోనే చేర్చెను. బాలుడు బ్రతికెనని మాత్రము చెప్పి ఊరకుండలేదు. చేయి కదలెనని చెప్పెను. భుజచికిత్సకు కొలబద్ద ఏదియో తేల్చిచెప్పిన తొలి వాక్యములలో ఆ శీర్షిక యొకటి.

కాని వైట్ చూపిన మార్గమున నడచుటకు ప్రపంచమింకను సిద్ధముగా లేదు. కోత భరింపరానిది, కోత తరువాత వచ్చు చీము అంతకంటె ప్రాణాంతకము. మొదటి అడ్డంకి 1846లో ఈథరుతోడను, 1847లో క్లోరోఫారముతోడను కొంత తొలగెను. క్లోరోఫారము గుండెను ముందుగా ఆపునా, శ్వాసను ముందుగా ఆపునా అను వివాదము ముదిరినపుడు దానిని తేల్చుటకై 1888, 1889 సంవత్సరములలో నిజాం ప్రభుత్వము వ్యయము భరించి సంఘముల నేర్పరచినది మన హైదరాబాదునందే. వానిని నడిపించిన ఎడ్వర్డ్ లారీ అచ్చటి రెసిడెన్సీ వైద్యుడు. రెండవ అడ్డంకిని 1867లో జోసెఫ్ లిస్టరు ప్రకటించిన కార్బాలికామ్ల పద్ధతి తొలగింపనారంభించెను. మూడవది జ్ఞానమునకు సంబంధించినది: ఎముకలో చీము ఎందుకు పుట్టుచున్నది? 1880లో లూయీ పాశ్చర్ సెగగడ్డలోని సూక్ష్మజీవినే ఎముకమజ్జలోని చీమునందును చూచి, ఈ రోగము ఎముకమజ్జకు లేచిన సెగగడ్డయే యని నిరూపించెను. ఆ దినములలోనే స్కాట్లండునందలి అబెర్డీనులో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అట్టి చీమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ద్రాక్షగుత్తులవలె గుమిగూడియున్న బిందువులను కనుగొని, గ్రీకుభాషలోని ద్రాక్షగుత్తి పేరుతోనే వానికి స్టాఫిలోకాకస్ అని నామకరణము చేసెను. అంతవరకు దైహిక దోషముగను, దెబ్బ తగిలిన ఫలముగను భావింపబడిన వ్యాధికి అప్పుడొక రూపమును, ఒక పేరును లభించినవి.

క్షయవ్యాధి కారకమగు సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24వ తేదీన బెర్లినులో ప్రకటించెను. ఊపిరితిత్తులను తినునదియు, మెడగడ్డలను లేపునదియు, వెన్నెముకను విరుచునదియు ఒక్కటే యని దానితో తేటపడెను. భుజమునకు క్షయ సోకుట వెన్నెముక, తుంటి, మోకాలు అను వానితో పోల్చినచో చాల అరుదు. సోకినపుడు మాత్రము అది తరచుగా ఒక వింతరూపము దాల్చును. వాపు ఉండదు, చీము బయటపడదు, చర్మమున నాడీవ్రణము తెరచుకొనదు. దండచేతి ఎముక శిరస్సు లోలోపల తొర్రలు పడుచు, భుజముమీది కండరము నానాటికి కృశించుచు, చేయి పక్కకెత్తుటయు వెలుపలికి త్రిప్పుటయు క్రమముగా ఉడిగిపోవును. జర్మనీలోని హాలె నగరమున ఆచార్యుడుగా నుండి, లిస్టరు పద్ధతిని తన దేశమున వ్యాపింపజేసిన రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ ఈ రూపమును వర్ణించి దానికి శుష్కక్షతి అని అర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను. యుద్ధరంగమున గాయపడినవారికి చికిత్స చేయుచు, విరామమున పిల్లలకొరకు కథలు వ్రాసిన సహృదయు డాతడు. ఎండిపోవుటయను ఆ పేరును చూచినప్పుడు మన వైద్యులు వాడిన అంసశోష శబ్దము స్మృతికి రాకపోదు. రెండును ఒక్క వ్యాధియే యని నేననను. కాని రక్తమాంసములు ఇంకిపోయి ఎండిన కొమ్మవలె వ్రేలాడు భుజమును చూచిన రెండు నాగరికతలు రెండు భాషలలో ఒకే మాట పలుకుట, రోగి దేహము చెప్పునది అన్నిచోట్ల ఒక్కటే యనుటకు నిదర్శనము.

ఈ చరిత్రలోనెల్ల సాహసోపేతమైన ఘట్టము 1893లో పారిసు నగరమున జరిగెను. ముప్పదియేడేండ్ల రొట్టెల పనివాడొకడు భుజాస్థి క్షయముచేత పీడితుడై, చీము ముదిరి, చేయి తీసివేయక తప్పని స్థితికి వచ్చెను. ఆతడు ప్రాణమునకైనను తెగించి చేతిని తీయించుకొనుటకు సమ్మతింపలేదు. పిండి పిసికి బ్రతుకువానికి చేయి లేని ప్రాణ మేమిటికని ఆతని భావము కావచ్చును. నాటి ఫ్రాన్సులో పేరుమోసిన శస్త్రవైద్యుడు జూల్ ఎమిల్ పేయాన్ కుళ్లిన ఎముకను తొలగించి చేతిని నిలిపెను. కాని ఎముక లేని చేయి సంచివలె వ్రేలాడెను. అప్పుడు పేయాన్ జె. పోర్టర్ మైకేల్స్ అను దంతవైద్యుని ఆశ్రయించెను. కట్టుడుపళ్ల నిర్మాణములో, నోటిలోని తడికిని వేడికిని చెడని వస్తువుల ఎంపికలో దంతవైద్యులకే అప్పటికి నైపుణ్యముండెను. ఆతడు దండచేతి ఎముకకు బదులుగా ప్లాటినముతో గొట్టమును, దాని శిరస్సుగా పారఫినులో ఉడికించి గట్టిపరచిన రబ్బరు గోళమును తయారుచేసెను. గోళముపై గాళ్లు తీర్చి, వానిలో లోహపు తీగెచుట్లు అమర్చి, భుజము అన్ని దిక్కులకు తిరుగునట్లు ఏర్పాటు గావించెను. మానవ దేహములో అమర్చిన తొలి కృత్రిమ భుజసంధి అదియే.

ఆ పనివాని చేతికి కదలిక వచ్చెను, బలము వచ్చెను. కాని ఎముకలోని క్షయము సమసిపోలేదు. నాడీవ్రణము మరల తెరచుకొని చీము కారజొచ్చెను. రెండేండ్లు గడచునప్పటికి కృత్రిమసంధిని తీసివేయక తప్పలేదు. తీసినపుడు దాని చుట్టును కొత్త ఎముక గూడు కట్టుకొనియుండెను. దేహము తనకై తాను ఎముక కట్టుకొనుటకు ఎంత ప్రయత్నించినదో ఆ గూడు చెప్పుచున్నది. పేయాన్ యంత్రము ఓడినది నిర్మాణదోషముచేత కాదు; శత్రువింకను కోటలో నుండగా కోటకు కొత్త తలుపు బిగించుటచేత. అది చంపవలసిన శత్రువు. చంపు మందు మాత్రము పుట్టుటకు ఇంకను అర్ధశతాబ్దము కలదు.

మందు లేని ఆ యుగమున వైద్యులు కాలమునే మందుగా వాడుకొనిరి. లివర్పూలులో హ్యూ ఓవెన్ థామస్ వ్యాధిగ్రస్తమైన సంధికి బలవంతముగను, ఎడతెగకయు, చిరకాలమును విశ్రాంతి నీయవలెనని బోధించి, బద్దలతో అవయవములను కదలకుండ బంధించెను. స్విట్జర్లండులోని లేసాన్ పర్వతగ్రామమున ఆగస్ట్ రోల్యే 1903 మొదలుకొని క్షయ సోకిన ఎముకలుగల పిల్లలను మంచువెలుగులో పరుండబెట్టి, మొదట పాదములకు, క్రమముగా దేహమంతటికి సూర్యరశ్మి సోకునట్లు చేయుచుండెను. మాసములు, సంవత్సరములు మంచమునకు అంటిపెట్టుకొని గడపిన ఆ బాల్యములను తలచిన గుండె ద్రవించును. కొందరికి ఎముక మానెను, మానుటయన నేమి? సంధిలోని రెండెముకలును ఒకదానితో నొకటి అతుకుకొని, భుజము శాశ్వతముగా బిగిసిపోవుట. అందుచేతనే వైద్యులు ఒక లెక్క చూచుకొనుచుండిరి: ఏ కోణమున చేతిని నిలిపి బిగియనిచ్చినచో, తరువాత రోగి రెక్క ఎముకను కదల్చి తన చేతిని తానే నోటికి చేర్చుకొనగలడు? చేతిని దేహమునుండి కొంత యెడముగ, కొంత ముందునకు ఉంచి కట్టుచుండిరి. జడ అల్లుకొనుటయు, గోచి దోపుకొనుటయు పోయినను ముద్ద నోటికి చేరవలెను. ఆ కాలపు కరుణయంతయు ఆ కోణములో ఇమిడియున్నది.

ఆంధ్రదేశమున ఈ యుగమునకు ప్రతినిధి మదనపల్లె సమీపమునందలి ఆరోగ్యవరము. పలు క్రైస్తవ సంఘములు కలసి స్థాపించిన క్షయ శానిటోరియము 1915లో అచ్చట వెలసెను. డెన్మార్కు దేశస్థుడగు క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్ దాని తొలి వైద్యాధిపతి. పొడిగాలి, కొండనీడ, పౌష్టికాహారము, నియమబద్ధమైన విశ్రాంతి అచ్చటి ఔషధములు. అది ప్రధానముగా ఊపిరితిత్తుల క్షయమునకు ఏర్పడినదే. ఐనను క్షయ యనగా ఊరివెలుపలి చావని భీతిల్లిన తెలుగు పల్లెలకు, ఈ రోగికి కూడ ఒక పడకయు, ఒక దినచర్యయు, ఒక ఆశయు ఉండవచ్చునని అది నేర్పెను. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా మొదలైన తొలి స్థలములలో మదనపల్లె యొకటి. దేహమంతట వ్యాపించు తీవ్రమైన క్షయమునుండి శిశువులను కాపాడుటలో ఆ టీకా ప్రయోజనము నేటికిని గుర్తింపబడుచున్నది.

1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయమున, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ అను యువకుడు మట్టిలోని ఒక జీవినుండి స్ట్రెప్టోమైసిన్ను వేరుచేయుటతో కథ మలుపు తిరిగెను. దానిని ఒంటరిగా ఇచ్చినచో క్షయజీవి అనతికాలముననే దానికి లొంగని తత్త్వమును సంతరించుకొనుచున్నదని తెలిసి, పాస్ అను మందును, 1952 నుండి ఐసోనియాజిడ్‌ను, ఆ తరువాతి దశాబ్దపు చివర రిఫాంపిసిన్‌ను కలిపి వాడసాగిరి. పేదదేశమునకు అంతకంటె పెద్దప్రశ్న వేరొకటి: ఇన్ని లక్షలమందికి శానిటోరియములు కట్టుటెట్లు? దీనికి సమాధానము మద్రాసులోని చేట్‌పట్టున దొరకెను. 1956లో అచ్చట స్థాపింపబడిన క్షయ ఔషధచికిత్సా కేంద్రమువారు 193 మంది ఊపిరితిత్తుల క్షయరోగులలో కొందరిని శానిటోరియములో నుంచి, కొందరిని వారి ఇరుకిండ్లలోనే నుంచి, ఏడాదిపాటు ఒకే మందులిచ్చి చూచిరి. పౌష్టికాహారము, విశ్రాంతి, గాలి తక్కువైనను ఇంటనున్నవారు సైతము ఇంచుమించు సమానముగా కోలుకొనిరని 1959లో ప్రకటించిరి. కొండగాలి చేసిన పనియని మనము భ్రమించినది మందు చేయగలదని దానితో ఋజువయ్యెను. ఎముకల విషయమున కాశీ విశ్వవిద్యాలయమునందలి ఎస్. ఎం. తూలి ఆ మార్గమునే పొడిగించి, కత్తిని మొదట పట్టక, మందులతో సంధిని నెమ్మదింపజేసి, నొప్పి తగ్గిన వెంటనే మెల్లమెల్లగా కదలింపజేసి, ఇంతకును లొంగనివారికి మాత్రమే శస్త్రచికిత్స చేయు పద్ధతిని ప్రతిపాదించెను. దానిని ఆతడు మధ్యేమార్గ మన్నాడు. బిగియగట్టి మాన్పుట పోయి, కదలించుచు మాన్పుట వచ్చెను. జడయు, గోచియు తిరిగి చికిత్సాలక్ష్యములలో చేరినవి.

చీముపట్టిన ఎముకకును ఆ కాలముననే విముక్తి లభించెను. మొదటి ప్రపంచయుద్ధరంగమున పురుగులు పట్టిన గాయములు శుభ్రముగా నుండుట గమనించిన విలియం బేర్ అను అమెరికా వైద్యుడు, ఎముకలలో మొండి చీముగల పిల్లలకు శుద్ధిచేసిన ఈగపురుగులతో చికిత్స గావించెను. ఆతని వ్యాసము 1931లో, ఆతడు గతించిన పిదప, వెలువడెను. పెనిసిలిన్ వచ్చుటతో ఆ పద్ధతి మూలబడినది. ఐనను ఒక పాతసత్యము మాత్రము మారలేదు: రక్తప్రసారము లేని మృతాస్థిలోనికి ఏ మందును చొరజాలదు. కావుననే చిరకాలిక వ్యాధిలో చచ్చిన ఎముకను తొలగించుట నేటికిని అవసరమగుచున్నది. సుశ్రుతుడు చెప్పిన మూసిన గదికి తలుపు తెరవనిదే బాధ తీరదు.

సూక్ష్మజీవి లేకయే దేహము తన సంధులను తానే శత్రువులని ఎంచి దహించుట ఈ శోథవ్యాధులలో మరియొక జాతి. దీనికి 1850లలో ఆల్ఫ్రెడ్ గారడ్ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పేరు పెట్టెను. ఇది చేతివ్రేళ్ల కణుపులతో మొదలై, కాలక్రమమున భుజములను కూడ పట్టి, సంధిపొరను వాపుచేసి, మృదులాస్థిని, పిదప ఎముకను కొరుకుచు పోవును. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్కున ఫిలిప్ హెంచ్ కార్టిసోనును ప్రయోగింపగా మంచము పట్టినవారు లేచి నడచిరి, ప్రపంచము అద్భుతమన్నది, పిదప ఎముకలు గుల్లబారుట మొదలగు దుష్ఫలితములు బయటపడెను. నిలుకడయైన సాయము వేరొక దిక్కునుండి వచ్చెను. ఆ దిక్కున నిలిచినవాడు మనవాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరుని స్ప్రూ వ్యాధికి బలియిచ్చుకొని, ఆ దుఃఖమును జీవితాంతము మోసినవాడు. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఆతని నాయకత్వమున ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. ఆ ఫోలికామ్లమునకు విరోధులైన అణువులను నిర్మించుచు ఆ బృందమువారు తయారుచేసినదే నేడు మెథోట్రెక్సేట్ అనబడు మందు. మొదట అది రక్తపు క్యాన్సరునకు వాడబడెను. అల్పమాత్రలో ఈ రుమటాయిడ్ సంధివాతమునకు దానిని వాడుటకు అమెరికా ప్రభుత్వపు అనుమతి 1988లో వచ్చెను. నేడు ఈ వ్యాధికి వైద్యులు ముందుగా తలచు మందు అదియే. దీనిని వారమునకొక్కసారి మాత్రమే పుచ్చుకొనవలెను. నిత్యము మ్రింగిన ప్రాణాపాయము. దాని దుష్ఫలితముల నరికట్టుటకు తోడుగా ఇచ్చునది మరల ఫోలికామ్లమే. సోదరుని దక్కించుకొనలేని ఒక తెలుగువాని అన్వేషణనుండి పుట్టిన రెండు పదార్థములు ఒకదానికొకటి విరోధులయ్యును, ఒకే రోగి చేతిని ఎత్తుటకు కలసి పనిచేయుచున్నవి.

ఇంతటి సంపద చేతికందిన ఈ కాలమున భుజమునకు కీడు చేయుచున్నది మందులలేమి కంటె ఆలస్యము. భుజము పట్టివేయుట సర్వసాధారణము. మధుమేహులలో మరింత ఎక్కువ. 1934లో బోస్టనునందలి ఎర్నెస్ట్ కాడ్‌మన్ గడ్డకట్టిన భుజమని దానికి పెట్టిన పేరు ఎల్లరకు అలవాటైనది. దాని మరుగున క్షయము దాగికొనుటయు కలదు. శుష్కరూపములోని క్షయమునకు వాపుండదు, జ్వరముండకపోవచ్చును. పట్టివేసిన భుజమని తలచి మర్దనలు చేయుదురు, సంధిలోనికి స్టెరాయిడ్ సూదిమందు వేయుదురు, ఆ సూదిమందువలన రోగము మరింత చెలరేగును. కావున రాత్రివేళ అధికమగు నొప్పి, మునిమాపు జ్వరము, బరువు తగ్గుట, భుజముమీది కండ కరగుట, ఇంటిలో ఎవరికైనను క్షయ వచ్చియుండుట అను వానిలో ఏదియున్నను, లేక నెలల తరబడి చేసిన చికిత్సకు భుజము లొంగకున్నను, ఎక్స్-రే, ఎం.ఆర్.ఐ. తీయించి, అవసరమైనచో సూదితో తునుకను తీసి పరీక్షింపవలెను. క్షయమని తేలినపుడు మందులు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. ఎముకల విషయమున ఏడాది, ఒక్కొక్కప్పుడు ఏడాదిన్నర వాడవలసివచ్చును. నొప్పి తగ్గినదని నడుమ మానివేసినచో సూక్ష్మజీవి మందులకు లొంగని రూపమున తిరిగి వచ్చును. లేసాన్ కొండలపై పిల్లలు ఏండ్లకొలది చూపిన ఓపికలో నేడు మనలను అడుగుచున్నది కొలది పాలు మాత్రమే: మందు వేసికొనుట, చెప్పిన వ్యాయామము నిత్యము చేయుట, మంచి ఆహారము తినుట.

పేయాన్ ఆశయము సైతము వ్యర్థము కాలేదు. న్యూయార్కులో చార్లెస్ నీర్ 1950లలో లోహపు భుజశిరస్సును ప్రచారములోనికి తెచ్చెను. 1985లో ఫ్రాన్సులోని దిజోనున పాల్ గ్రామోన్ గుంటయున్నచోట గోళమును, గోళమున్నచోట గుంటను అమర్చి, లోపలి కండరములు చినిగిపోయినను పైకండరము ఒక్కటియే చేతిని ఎత్తగల ఉపాయమును చూపెను. ఐనను కృత్రిమసంధిని అమర్చుటకు ముందు నేటి వైద్యుడు తప్పక వేయు మొదటి ప్రశ్న, ఎముకలో సూక్ష్మజీవి మిగిలియున్నదా యని. ఆ ప్రశ్నను నేర్పినది పారిసునందలి ఆ రొట్టెల పనివాని భుజమే.

ఆతడు రెండేండ్లపాటు తిరిగి పొందిన కదలికను చరిత్రకారులు విఫలప్రయత్నమని వ్రాయుదురు. నాకట్లు తోచదు. చేయి తీసివేయుడన్న నాడు కాదని, ఈ చేతితో నేను బ్రతుకవలెనని ఆతడు పలికిన ఒక్కమాటచేత వైద్యము తన పనిని మరియొకసారి సరిచూచుకొనెను. మన ఇంటనొకరు అన్నము ముందు కూర్చుండి, కుడిచేయి లేవక, ఎడమచేతితో దానిని పట్టి నోటికి ఎత్తుకొనుచున్నపుడు అది ముసలితనమనియో, వాతమనియో ఊరకుండక, ఆ పూటయే వైద్యునియొద్దకు తోడ్కొనిపోవుదుము గాక.